ఎర్రనేల మీద రవీంద్రుడు

యాభై రెండు సెకండ్లు. కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో, గాంధారి, లింగంపేట తండాల్లో ఒక్క టీచరే ఉన్న బళ్ళలో, పొద్దున్నే పిల్లలు వరసలు కట్టి పాడే పాటకు పట్టే సమయం అంతే. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే పిల్ల, ఉర్దూ మాట్లాడే పిల్లవాడు, మక్కచేనుకు పిట్టల కావలి కాసి అట్నుంచటే బడికొచ్చిన తెలుగు పిల్ల, ముగ్గురూ ఒక్క గొంతుతో బెంగాలీ పాట పాడతారు. ఆ పాటలో మంజీర పేరు లేదు, గోదావరి పేరూ లేదు. అయినా ఈ ఒడ్డున ఎవరికీ అది పరాయిపాట అనిపించలేదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో అది మొదటిసారి వినిపించిన నాటికి కామారెడ్డి నిజాం రాజ్యంలో ఉంది. రాజ్యాంగ సభ దాన్ని జాతీయగీతం చేసింది 1950 జనవరి 24న. కవి అప్పటికి పోయి ఎనిమిదేళ్ళు దాటింది.

పాట సంగతి అట్లా ఉంచి, పాట కట్టినవాడిని తలుచుకుంటే ఇంకా ఆశ్చర్యం. బడి అంటే గిట్టని పిల్లవాడు రాసిన పాటను దేశమంతా బళ్ళలోనే నిలబెట్టి పాడిస్తోంది! 1861 మే 7న కలకత్తా జొరాసాంకోలో దేవేంద్రనాథ్ ఠాగూర్, శారదాదేవిల పద్నాలుగో సంతానంగా పుట్టాడు రవీంద్రుడు. అంత పెద్ద లోగిలిలో పిల్లల ఆలనాపాలనా నౌకర్ల చేతుల్లో ఉండేది. శ్యామ్ అనే నౌకరు ఆ పసివాణ్ణి గదిలో ఒకచోట కూర్చోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పోయేవాడట. గీత దాటిన సీతమ్మకు ఏమైందో రామాయణం విన్న పిల్లవాడికి వేరే చెప్పాలా? కదలకుండా కూర్చునేవాడు. కిటికీలోంచి కింద చెరువు, ఒడ్డున మర్రిచెట్టు, స్నానాలకు వచ్చిపోయే జనం కనిపించేవారు. పొద్దు గడిచేదాకా వాళ్ళనే చూసేవాడు. ఒక మనిషి నీళ్ళలో మునిగే తీరు వేరు, ఇంకో మనిషిది వేరు. కవికి కావాల్సిన మొదటి చదువు ఆ గీత లోపలే దొరికింది.

తర్వాత చాలా బళ్ళు మారాడు. ఏదీ ఒంటబట్టలేదు. పదిహేడో ఏట ఇంగ్లండు పంపారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరి, పట్టా లేకుండా తిరిగొచ్చాడు. అలాంటివాడు నలభయ్యో ఏట, 1901లో, శాంతినికేతనంలో చెట్ల కింద బడి తెరిచాడు. దాన్ని నిలబెట్టడానికి ఇల్లాలు మృణాళినీదేవి ఒంటిమీది నగలు అమ్మింది. ఇరవై ఏళ్ళకు, 1921లో, అది విశ్వభారతి అయింది. బీర్భూమ్ ఎర్రనేల మనకు కొత్తగా ఉండదు. వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి గట్లు, ఎండకు మాడిన గడ్డి, ఫాల్గుణంలో ఒక్కసారిగా అంటుకున్నట్టు పూసే మోదుగులు. ఎల్లారెడ్డి నుంచి పోచారం వైపు అడవి దారిలో ఆ నెలలో పోయినవాళ్ళు శాంతినికేతన వసంతోత్సవాన్ని సగం చూసినట్టే.

నన్నడిగితే కామారెడ్డి, ఎల్లారెడ్డి మనిషికి అందరికన్నా దగ్గరివాడు షిలైదహా రవీంద్రుడు. 1890ల మొదట్లో తండ్రి ఆయన్ను తూర్పు బెంగాల్‌లో షిలైదహా చుట్టుపక్కల ఉన్న జమీందారీ చూసుకొమ్మని పంపాడు. పద్మానది మీద ఇల్లులాంటి పడవ ఉండేది. దాని పేరూ పద్మే. అందులో ఊరూరూ తిరుగుతూ లెక్కలు చూశాడు, తగవులు తీర్చాడు, రైతులు చెప్పుకునే గోడు విన్నాడు. రాత్రిపూట అన్న కూతురు ఇందిరకు ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు తర్వాత 'ఛిన్నపత్ర' పేరుతో పుస్తకమయ్యాయి. వెన్నెలను, వరదను, ఇసుక మేటలను, నీళ్ళబిందెతో పోయే పడుచును చూసి మురిసిన ఆ ఉత్తరాలకు సాటి వచ్చే వచనం ఏ భాషలోనైనా కొంచెమే ఉంటుంది. 'పోస్ట్‌మాస్టర్' కథ పుట్టింది అక్కడే, జమీందారీ కచ్చేరిలో ఉన్న తపాలా ఆఫీసులోంచి. ఎండాకాలం ఎముకలు తేలిన మంజీరనూ, నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఒడ్లు ఒరుసుకుని పారే మంజీరనూ చూసినవాళ్ళు ఆ నదీతీరపు రాతలను ఇట్టే పోల్చుకుంటారు.

నది ఒక్కటే ఆయన్ను కట్టిపడేయలేదు. అప్పు కూడా పట్టి కుదిపింది. సావుకారు మిత్తికి మిత్తి కట్టి రైతు నడ్డి ఎట్లా విరుస్తాడో కళ్ళారా చూశాడు. తమ జమీందారీలోని పతిసర్‌లో రైతుల కోసం వ్యవసాయ బ్యాంకు పెట్టించాడు. నోబెల్ బహుమతి డబ్బు చేతికి వచ్చాక దాన్ని తీసుకుపోయి ఆ బ్యాంకులో వేశాడు. బ్యాంకు చివరికి మునిగింది, డబ్బూ పోయింది. స్వీడన్ నుంచి కవిత్వానికి వచ్చిన సొమ్ము తూర్పు బెంగాల్ రైతు నాట్ల ఖర్చుకు, ఎడ్ల బేరానికి చెల్లిపోయింది! మిత్తి లెక్క తెలిసిన మన ఊళ్ళలో ఈ సంగతి చెబితే ముసలివాళ్ళు ఒక్క నిమిషం నమ్మరు.

ఇంకొకటి చూడండి. ఆ కాలపు పెద్దింటివాళ్ళు కొడుకులను బారిస్టరు చదువుకో ఐసీఎస్‌కో పంపేవారు. రవీంద్రుడు కొడుకు రథీంద్రనాథ్‌ను 1906లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వ్యవసాయం చదువుకొమ్మని పంపాడు. 1922లో లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లీషు కుర్రవాణ్ణి తోడు పెట్టుకుని శాంతినికేతనం పక్కనే సురుల్‌లో గ్రామ పునర్నిర్మాణ కేంద్రం మొదలుపెట్టించాడు. అదే శ్రీనికేతనం. విత్తనం, ఎరువు, పాడి, మలేరియా, నేత, తోలుపని అన్నీ అక్కడ చదువే. ఆ మరుసటి ఏడే మన దగ్గర మంజీర మీద నిజాంసాగర్ పని మొదలైంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931కి పూర్తయింది. ఒకచోట రాయి మీద రాయి పేర్చారు, ఇంకోచోట మనిషి మీద నమ్మకం పేర్చారు. 1928లో శ్రీనికేతనంలో హలకర్షణం అనే పండుగ పెట్టి అరవై ఏడేళ్ళ కవి తానే నాగలి మేడి పట్టాడు. ఏరువాక పున్నానికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసే మనకు ఆ పండుగ అర్థం చెప్పనక్కర్లేదు. బెల్లం మార్కెట్టూ డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉన్న కామారెడ్డిని ఆయన చూసి ఉంటే సభ వేదిక ఎక్కేముందు గానుగ దగ్గర ఆగేవాడని నా గట్టి నమ్మకం.

ఎంతైనా జమీందారే కదా అని మూతి విరిచేవాళ్ళున్నారు. దొరల గడీలు చూసి పెరిగిన గడ్డ మనది, ఆ అనుమానం రావడం తప్పు కాదు. ఆయనకూ వచ్చింది. 1930లో రష్యా వెళ్ళి రైతుబిడ్డల బళ్ళు చూసి రాసిన ఉత్తరాల్లో తన జమీందారీ బతుకు మీద తనకే కలిగిన సిగ్గును దాచుకోలేదు.

కడుపుకోతల సంగతి క్లుప్తంగానే చెప్పాలి, ఆయనా క్లుప్తంగానే చెప్పుకున్నాడు. 1902లో భార్య, 1903లో కూతురు రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్నకొడుకు శమీంద్రుడు. ఐదేళ్ళలో నాలుగు చావులు. ఆ తర్వాత వచ్చింది 1910 నాటి బెంగాలీ 'గీతాంజలి'. 1912లో జబ్బుపడి ఇంగ్లండు ప్రయాణం ఆగిపోయి, షిలైదహాలో కోలుకుంటూ ఆ పాటలను ఊరికే ఇంగ్లీషులోకి మార్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ రాతప్రతి ఉన్న పెట్టెను రథీంద్రనాథ్ లండన్ భూగర్భ రైల్లో మరిచిపోయాడు. పోయిన సామాన్ల ఆఫీసులో దొరికింది కాబట్టి సరిపోయింది. 1913లో నోబెల్ వచ్చింది. సాహిత్యంలో ఐరోపా బయటివాడికి అదే మొదటిది. ఆ బహుమతి గురించి మనవాళ్ళు ఇప్పటికే కావాల్సినదానికంటే ఎక్కువ రాశారు.

తెలుగునేలకు ఆయన దండలు వేయించుకోవడానికి మాత్రమే రాలేదు, ఇక్కడ పనిచేశాడు. అది నాకు భలే ఇష్టమైన సంగతి. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఒక సాయంత్రం పిల్లల ముందు రవీంద్రుడు తర్వాత జాతీయగీతమైన ఆ పాట పాడాడు. మార్గరెట్ దానికి స్వరలిపి రాసింది. ఫిబ్రవరి 28న ఆయన తన చేతిరాతతో దాన్ని ఇంగ్లీషు చేసి సంతకం పెట్టాడు. వేరుశెనగ, టమాటా పండే రాయలసీమ ఊళ్ళో ఆ పాట ప్రపంచానికి వినిపించే రూపం దిద్దుకుంది. ఆ తర్వాత నెలన్నరకే, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో తుపాకులు పేలాయి. మే నెలాఖరున రవీంద్రుడు వైస్రాయికి ఉత్తరం రాసి, 1915లో ఇచ్చిన 'సర్' బిరుదును వాపసు చేశాడు. మదనపల్లె చల్లగాలిలో పాట దిద్దుకున్న చేయే ఆ ఉత్తరమూ రాసింది.

పిఠాపురం ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని, రవీంద్రుడు ఆయన్ను శాంతినికేతనానికి పిలిపించుకున్నాడు. మద్రాసు నుంచి చదువుకు వచ్చిన సావిత్రి గొంతులో త్యాగరాజు 'బృందావనలోల' కీర్తన విని, ఆ తోడిరాగపు నడక మీద 'నీలాంజన ఛాయ' అనే బెంగాలీ పాట కట్టాడు. కాకర్లవారి అబ్బాయి కృష్ణుడికి చేసుకున్న మొర బీర్భూమ్ మబ్బుల కిందికి చేరింది. త్యాగయ్య విని ఉంటే కోప్పడేవాడు కాదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌తో ఆయన అనుబంధం ఒక్కటే వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. ముప్పయ్యేళ్ళు నిండని ఈ తెలుగింటి తత్త్వశాస్త్ర ఉపాధ్యాయుడు 1918లో రవీంద్రుని తత్త్వం మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించాడు. 1933 డిసెంబరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నది ఆయనే. రవీంద్రుడు వాల్తేరు వచ్చి 'మానవుడు' అన్న విషయం మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. 1940 ఆగస్టు 7న ఆక్స్‌ఫర్డ్ తన గౌరవ డాక్టరేటును శాంతినికేతనానికే తెచ్చి ఇచ్చినప్పుడు, ఆ విశ్వవిద్యాలయం తరఫున వచ్చినవాళ్ళలో రాధాకృష్ణన్ ఉన్నాడు. సరిగ్గా ఏడాదికి, అదే ఆగస్టు 7న, రవీంద్రుడు కన్నుమూశాడు.

వాల్తేరు నుంచి ఆ 1933 డిసెంబరులోనే రవీంద్రుడు హైదరాబాదు వచ్చాడు. మనకు వంద కిలోమీటర్లకు కాస్త పైన! మెహదీ నవాజ్ జంగ్ అతిథిగా బంజారా గుట్టల మీద దిగాడు. అప్పటికి ఆ గుట్టల మీద మేడలు లేవు, కార్ల బారులు లేవు. ఉన్నవల్లా బండలు. దక్కను రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఎవరో పేర్చిపెట్టి మరిచిపోయినట్టు ఒకదాని మీద ఒకటి నిలిచిన ఆ బండలను, పద్మానది బురదలో, వరిచేల నునుపులో పెరిగిన కన్ను చూసింది. బెంగాల్ మైదానంలో వెతికినా గుండ్రాయి దొరకదు. డెబ్బై రెండేళ్ళ మనిషికి ఆ మొరటు అందం కొత్తగా తగిలింది. ఆ గుట్టల మీద ఇంగ్లీషులో కవిత రాశాడు. కామారెడ్డి దాటి ఎల్లారెడ్డి దాకా రోడ్డు పక్క మనం చూసీ చూడనట్టు పోయే గుట్టలు ఆ బండల తోబుట్టువులే. ఆ గుట్టలకు పేరిచ్చిన బంజారాల బంధువులు మన తండాల్లో ఉన్నారు. ఇప్పుడు మన గుట్టలను క్రషర్లు నమిలేస్తున్నాయి. కవి కన్ను పడిన రాయి కంకరై పోతుంటే ఊరుకోవడం మనకే చెల్లింది.

హైదరాబాదుతో ఆయనకు లెక్కాపత్రం ఉన్న సంబంధం కూడా ఉంది. విశ్వభారతిలో ఇస్లాం సంస్కృతి చదువు కోసం నిజాం 1927లో లక్ష రూపాయలు ఇచ్చాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషును పక్కనపెట్టి ఉర్దూలో పై చదువులు చెప్పబోతోందని విని రవీంద్రుడు మనసారా సంతోషించాడు. ఇక్కడ నాదొక పేచీ ఉంది. ఎల్లారెడ్డి రైతుబిడ్డకు ఉర్దూ కూడా బయటి భాషే. పరాయి భాష కాడి తీసిందని ఆయన మెచ్చుకున్నచోట ఇంకో కాడి ఉంది. దూరాన ఉన్న ఆయనకు అది కనిపించకపోవచ్చు. అయితే ఆ ఉస్మానియాలోనే తెలుగు శాఖను నిలబెట్టిన రాయప్రోలు సుబ్బారావు శాంతినికేతనం గాలి పీల్చి వచ్చినవాడే. బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతిలో చదువుకుని, ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యి, ఫైళ్ళ మధ్య కూడా రవీంద్రుణ్ణి తెలుగు చేస్తూ పోయాడు. చలం చేతిలో 'గీతాంజలి' తెలుగుపుస్తకమే అయిపోయింది. 1961 శతజయంతికి హైదరాబాదులో రవీంద్రభారతి లేచింది. కామారెడ్డి నుంచి అవధానాలకూ ఆవిష్కరణలకూ అక్కడికి పోయేవాళ్ళు ఎంతమందో! ఆ గడ్డం మనిషి వ్యాసాలు చదివినవాళ్ళు ఎంతమంది అంటే మాత్రం వేళ్ళు మడవాల్సి వస్తుంది.

అసలు చెప్పదలచింది అదే. కవిని ఋషిని చేసి గోడకు తగిలించాం, వ్యాసకర్తను అటకెక్కించాం. ఆ వ్యాసకర్త మెత్తటివాడు కాడు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1916లో, జపాను వెళ్ళి జపానువాళ్ళ ముఖం మీదే వాళ్ళ జాతీయోన్మాదాన్ని తప్పుపట్టాడు. అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళి అదే మాట చెప్పాడు. ఆ ఉపన్యాసాలు 1917లో 'నేషనలిజం' పుస్తకమయ్యాయి. జాతీయగీతం రాసిన చేయి, జాతి పేరున మనిషిని చిన్నబుచ్చే రాజకీయాన్ని అంత సూటిగా కొట్టింది. గాంధీని గుండెలో పెట్టుకున్నాడు. 1932లో ఎరవాడ జైల్లో గాంధీ దీక్ష విరమించే వేళకు పరుగున వెళ్ళి పాట పాడాడు. అయినా అందరూ రాట్నం తిప్పితే స్వరాజ్యం వస్తుందన్న మాటను ఒప్పుకోలేదు. గాంధీ కోపగించుకోకుండా ఆయన్ను గొప్ప కావలివాడన్నాడు. 1934 బీహారు భూకంపం అస్పృశ్యతా పాపానికి శిక్ష అని గాంధీ అన్నప్పుడు, అస్పృశ్యతను గాంధీ అంతగానూ అసహ్యించుకున్న ఈ మనిషి, అశాస్త్రీయమైన మాటతో మంచిపనిని మోయించొద్దని బహిరంగంగా రాశాడు. గాంధీ దాన్ని తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేశాడు. మాటకు మాట, మర్యాదకు మర్యాద. ఇవాళ వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలకే తెగిపోయే స్నేహాలను చూస్తూ ఆ వాదం చదివితే నోట మాట రాదు.

డెబ్బై ఆరో ఏట అణువుల గురించీ నక్షత్రాల గురించీ పిల్లలకూ పెద్దలకూ తేలిక బెంగాలీలో 'విశ్వపరిచయ్' రాసి శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చాడు. అరవై దాటాక రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుతూ గీసిన గీతలు బొమ్మలయ్యాయి. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టాడు. చివరి ఏడు, ఎనభయ్యో పుట్టినరోజు నాటికి, ప్రపంచం రెండోసారి తగలబడుతుండగా 'సభ్యతార్ సంకట్' రాశాడు. ఇంగ్లీషువాడి నాగరికత మీద చిన్నప్పటినుంచీ పెట్టుకున్న నమ్మకం ఎట్లా కూలిందో అందులో లెక్క చెప్పాడు. మనిషి మీద నమ్మకం మాత్రం వదులుకోనన్నాడు. చూపు మందగించి, చేయి వణికే వేళ రాసిన ఆ పది పేజీల ముందు ఎన్నో లావు పుస్తకాలు తేలిపోతాయి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి టీచర్లకు ఒక మనవి. 1918లో ఆయన 'తోతా కాహిని' అని చిన్న వ్యంగ్యకథ రాశాడు. రాజుగారు చిలకకు చదువు చెప్పించమంటాడు. బంగారు పంజరం చేయిస్తారు, పండితులను పెడతారు, పర్యవేక్షకులను పెడతారు, చిలక నోట్లో పుస్తకాలు కుక్కుతారు. అందరూ బాగుపడతారు, చిలక చచ్చిపోతుంది. ఈసారి ఆగస్టు 7న ప్రార్థన అయ్యాక పిల్లలను అట్లాగే చెట్టు కింద కూర్చోబెట్టి, పావుగంట ఆ కథ చెప్పండి. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే బళ్ళవాళ్ళు తప్పకుండా చెప్పండి. తల్లిదండ్రులనూ పిలవండి.